కరీబియన్‌లో ఏ దీవికి వెళ్లాలి? రిసార్ట్ గేటు లోపల, గేటు బయట

2024 జూన్ 29న బార్బడోస్‌లోని కెన్సింగ్టన్ ఓవల్ మైదానంలో భారత జట్టు టీ20 ప్రపంచకప్ గెలిచింది. ఆ రాత్రి టపాసులు కాల్చినవాళ్లకు తర్వాతి మూడు నాలుగు రోజులు కూడా గుర్తుండే ఉంటాయి. బెరిల్ హరికేన్ రావడంతో బ్రిడ్జ్‌టౌన్ విమానాశ్రయం మూతపడింది. కప్పు గెలిచిన జట్టు ఇంటికి రాలేక హోటల్లోనే ఉండిపోయింది. ప్రత్యేక విమానం పంపిస్తే జూలై 4 ఉదయానికి ఢిల్లీ చేరారు. ఆ బెరిల్ బార్బడోస్‌కు దక్షిణం వైపు నుంచి జారిపోయి, జూలై 1న గ్రెనడా దేశానికి చెందిన కారియాకూ అనే చిన్న దీవి మీద కేటగిరీ 4 తీవ్రతతో (గరిష్ఠం 5) పడింది. అక్కడ చెక్కుచెదరకుండా మిగిలిన ఇల్లు దాదాపు లేదు. రెండు దీవుల మధ్య దూరం 200 కిలోమీటర్ల చిల్లర. ఒక దీవిలో హోటల్ గదిలో నిరీక్షణ, ఇంకో దీవిలో నిలువ నీడ లేకపోవడం.

‘కరీబియన్ సేఫేనా?’ అనే ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు దొరకకపోవడానికి కారణం ఇదే. ఇక్కడ 13 స్వతంత్ర ద్వీప దేశాలున్నాయి. అవి కాక అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ చేతిలో ఉన్న దీవులు మరికొన్ని. భాష, పోలీసు, కరెన్సీ, రోడ్డు మీద బండి ఏ పక్కన నడపాలన్నదీ దీవి దీవికీ మారుతుంది. దీవి పేరు చూసి టికెట్ కొనడం కన్నా ముందు తేల్చుకోవలసిన సంగతులు మూడున్నాయి. ఏ నెలలో వెళ్తున్నారు, దీవిలో ఏ వైపు తీరంలో ఉంటారు, రిసార్ట్ గేటు దాటి ఎంత తిరగాలనుకుంటున్నారు. ఈ మూడూ తేలితే దీవి పేరు దాదాపు దానంతట అదే తేలుతుంది.

నెల సంగతి తేలిక. హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. అందులో ఆగస్టు నడుమ నుంచి అక్టోబర్ వరకు గట్టి టెన్షన్. ఈ కాలంలో రిసార్ట్ ధరలు సగానికి పడిపోతే ఆశ్చర్యం లేదు, ఆ తగ్గింపు ఊరికే ఇచ్చింది కాదు. 2017 సెప్టెంబర్‌లో ఇర్మా హరికేన్ బార్బుడాను, సెయింట్ మార్టిన్‌ను ధ్వంసం చేస్తే, రెండు వారాలు తిరక్కుండానే మరియా డొమినికా మీద, పోర్టోరికో మీద విరుచుకుపడింది. 2019లో డోరియన్ బహమాస్‌లోని అబాకో, గ్రాండ్ బహామా దీవులను ఊడ్చేసింది. 2025 అక్టోబర్ 28న మెలిస్సా కేటగిరీ 5 తీవ్రతతో, గంటకు దాదాపు 295 కిలోమీటర్ల గాలితో పశ్చిమ జమైకాను తాకింది. బ్లాక్ రివర్ పట్టణం శిథిలమైంది. ఆ దేశపు పర్యాటకానికి గుండెకాయ లాంటి మాంటెగో బే ప్రాంతమూ గట్టిగా దెబ్బతింది. అక్కడి హోటళ్లు విడతలవారీగా తెరుచుకుంటూ వస్తున్నాయి కాబట్టి, జమైకాలో గది తీసుకునేవాళ్లు ఆ హోటల్ పూర్తిగా నడుస్తోందో లేదో నేరుగా అడిగి తెలుసుకోవాలి.

ఆ నెలల్లోనే సెలవులు దొరికేవాళ్లకు ఉన్న మంచి దారి దక్షిణాన వెనెజువెలా తీరానికి దగ్గరగా ఉన్న అరూబా, బోనెయిర్, కురసావో. హరికేన్లు మామూలుగా నడిచే దారికి ఇవి దిగువన ఉంటాయి. అసలు రావని కాదు, వచ్చిన సందర్భాలు చాలా తక్కువ. ఇన్సూరెన్స్ విషయంలో ఒక మెలిక ఉంది. తుపానుకు పేరు పెట్టిన తర్వాత కొన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ ఆ తుపాను నష్టానికి వర్తించదు. టికెట్ కొన్న రోజే పాలసీ కూడా కొనుక్కోవాలి.

అంకెలు చెప్పేదీ, చెప్పనిదీ

భద్రత అనగానే అందరూ మొదట చూసేది అమెరికా విదేశాంగ శాఖ ఇచ్చే ట్రావెల్ అడ్వైజరీ. ఒకటి నుంచి నాలుగు వరకు అంచెలు. హైతీకి నాలుగు, అంటే వెళ్లొద్దనే. ట్రినిడాడ్‌కు మూడు. జమైకా 2024 జనవరిలో మూడులో ఉండి, 2025 మేలో రెండుకు దిగింది. బహమాస్, డొమినికన్ రిపబ్లిక్, టర్క్స్ అండ్ కైకోస్ కూడా రెండులోనే ఉంటూ వస్తున్నాయి. బార్బడోస్, అరూబా, సెయింట్ లూసియా ఒకటిలో. ఇవి మారుతుంటాయి కనుక బయల్దేరే వారం మళ్లీ చూడాలి.

ఈ అంచెల పక్కన హత్యల లెక్క పెడితే చిత్రం వేరేగా కనబడుతుంది. జమైకాలో 2024లో 1,100కు పైగా హత్యలు జరిగాయి. జనాభా 28 లక్షలు. లక్ష మందికి 40 దాకా వస్తుంది. మన దేశంలో ఈ అంకె రెండు దగ్గర ఉంటుంది కాబట్టి తేడా ఎంతో తెలుస్తోంది. అయితే సెయింట్ లూసియాలో అదే ఏడాది 70కి పైగా హత్యలు, జనాభా లక్షా ఎనభై వేలు. లెక్క వేస్తే అదీ 40 దగ్గరే! అడ్వైజరీలో మాత్రం అది మొదటి అంచె. ఇక గ్రేస్ బే బీచ్‌తో ప్రపంచంలోని అందమైన తీరాల జాబితాల్లో ఎప్పుడూ కనిపించే టర్క్స్ అండ్ కైకోస్‌లో, 50 వేల మంది లోపు జనాభాకు 2024లో 40కి పైగా హత్యలయ్యాయి. ఈ లెక్కలో జమైకా కన్నా రెట్టింపు. మరోవైపు జమైకాలో 2025లో హత్యలు 700 లోపుకు తగ్గాయి. ఆ దేశం కొన్ని దశాబ్దాలుగా ఎదురుచూస్తున్న మార్పు అది, పేరుకు అంటిన మచ్చ మాత్రం ఇంకా పోలేదు.

ఈ హత్యల్లో ఎక్కువ భాగం ముఠాల మధ్య, కొన్ని పేటల్లో, తుపాకులతో జరిగేవి. చచ్చిపోయేది ఎక్కువగా స్థానిక యువకులు. ఆ కుటుంబాలకు అది తీరని శోకం, కానీ పర్యాటకుడి రిస్క్ కొలవడానికి ఆ అంకె సరిపోదు. అలాగని కొట్టిపారేయడానికీ లేదు. 2018 జనవరిలో మాంటెగో బే ఉన్న సెయింట్ జేమ్స్ పారిష్‌లో జమైకా ప్రభుత్వం ఎమర్జెన్సీ పెట్టింది. రిసార్టులున్న వీధికీ, కాల్పులు జరిగే పేటకూ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. అడ్వైజరీలో అంచె నంబరు కన్నా దాని కింద పేటల పేర్లతో ఇచ్చే వివరం అందుకే పదిరెట్లు పనికొస్తుంది. బహమాస్‌కు ఇచ్చే హెచ్చరికలో నాసో నగరంలోని కొన్ని ప్రాంతాలతో పాటు అద్దె జెట్ స్కీల గురించీ, సరైన తనిఖీ లేని టూర్ బోట్ల గురించీ విడిగా రాస్తారు. అది చదివినవాళ్లు బీచ్‌లో ఎవరో చేయి ఊపి పిలిచినంత మాత్రాన బోటెక్కరు.

అసలు పర్యాటకులకు ఎదురయ్యే ఎక్కువ ప్రమాదాలు తుపాకీతో రావు, నీళ్లతోనూ రోడ్డుతోనూ వస్తాయి. ఈ విషయం బ్రోచర్లు చెప్పవు. దాదాపు ప్రతి దీవికీ రెండు ముఖాలుంటాయి. తూర్పు వైపు అట్లాంటిక్ మహాసముద్రం, ఏడాది పొడవునా అటు నుంచి వీచే వ్యాపార పవనాలు, ఎత్తైన అలలు, లోపలికి లాక్కుపోయే ప్రవాహాలు. పడమటి వైపు దీవి చాటున నిలకడగా ఉండే నీళ్లు. బార్బడోస్‌లో పడమటి తీరాన పిల్లలు నడుములోతు నీళ్లలో ఆడుకుంటుంటే, గంట ప్రయాణం దూరంలో తూర్పున బాత్‌షీబా దగ్గర అలలు సర్ఫింగ్ చేసేవాళ్లకే తగినట్టుంటాయి. అక్కడ మామూలు ఈతగాడు దిగకూడదు. అరూబాలోనూ నైరుతి తీరం చెరువులా ఉంటే ఈశాన్య తీరం రాళ్ల మీద విరుచుకుపడుతుంటుంది. గది తీసుకునేటప్పుడు మ్యాప్ తెరిచి ఆ హోటల్ ఏ పక్కన ఉందో చూడడం అన్ని రేటింగుల కన్నా ముందు చేయాల్సిన పని. విశాఖలో పెరిగినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. యారాడ, ఆర్కే బీచ్ అందం చూసి లోతుకు దిగి తిరిగిరాని కుర్రాళ్ల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం.

ఆ తూర్పు తీరాలకు 2011 నుంచి ఇంకో బెడద పట్టుకుంది. సర్గాసం అనే గోధుమరంగు సముద్రపు నాచు. సముద్రం మీద చాపలా తేలుతూ వచ్చి ఒడ్డున కుప్పలు పడి కుళ్లుతుంది, కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తుంది. 2025 మే నెలలో అట్లాంటిక్‌లో ఈ నాచు 3.75 కోట్ల టన్నులని అమెరికా శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాల నుంచి అంచనా వేశారు. అంతవరకు అదే రికార్డు. వసంతం నుంచి వేసవి చివరి దాకా డొమినికన్ రిపబ్లిక్‌లోని పుంటా కానా, బార్బడోస్ తూర్పు తీరం, గ్వాడెలూప్ లాంటి చోట్ల దీని తాకిడి ఎక్కువ.

ఇసుక ఒడ్డున నీడనిచ్చే చెట్ల గురించీ ఒక మాట. మాంచినీల్ అనే చెట్టుకు చిన్న ఆకుపచ్చ ఆపిల్ లాంటి కాయలు కాస్తాయి. కాయ విషం, పాలు విషం, వానలో ఆ చెట్టు కింద నిలబడితే జారిన చుక్కలకే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. చాలా చోట్ల మానుకు ఎర్ర రంగు గుర్తు వేసి ఉంచుతారు. పిల్లలతో వెళ్లేవాళ్లు ఆ ఎర్ర గుర్తుకు అర్థం ముందే చెప్పిపెట్టాలి.

రోడ్ల దగ్గరికొస్తే జమైకా, బార్బడోస్, సెయింట్ లూసియా, గ్రెనడా, ట్రినిడాడ్, బహమాస్, కేమన్ దీవుల్లో మనలాగే ఎడమ పక్క నడుపుతారు. ఇండియా నుంచి వెళ్లేవాళ్లకు ఇది సుఖం, అమెరికాలో పదేళ్లు కుడి పక్క నడిపి అలవాటైనవాళ్లకు ప్రమాదం. డొమినికన్ రిపబ్లిక్‌లో కుడి పక్కే కానీ, రోడ్డు ప్రమాదాల్లో చనిపోయేవారి నిష్పత్తి ప్రపంచంలోనే చాలా ఎక్కువ ఉన్న దేశాల్లో అదొకటి. అక్కడ సొంతంగా నడపడం, ముఖ్యంగా చీకటి పడ్డాక, మానుకోవడమే మంచిది. చిన్న దీవుల్లో పెద్ద ఆసుపత్రులుండవు. గుండెపోటో తలకు దెబ్బో అయితే విమానంలో మయామికో పోర్టోరికో రాజధాని శాన్ హువాన్‌కో తరలించాల్సి రావచ్చు. ఆ ఖర్చు భరించే ఇన్సూరెన్స్ లేకుండా పెద్దవాళ్లను తీసుకెళ్లడం తగదు.

చూడడానికి ఏముందో నేల చెబుతుంది

తెల్లని ఇసుక, పచ్చని కొండ రెండూ ఒకే దీవిలో నిండుగా దొరకడం అరుదు. తెల్ల ఇసుక పగడపు దిబ్బల నుంచి, సున్నపురాయి నుంచి వస్తుంది. అగ్నిపర్వతం నుంచి పుట్టిన దీవికి ఎత్తైన కొండలు, వానలు, జలపాతాలు, నల్లటి ఇసుక వస్తాయి. బహమాస్, టర్క్స్ అండ్ కైకోస్, కేమన్, అంగ్విల్లా మొదటి రకం. నీళ్లు గాజులా ఉంటాయి, స్నార్కెలింగ్‌కు సాటిలేనివి, నేల మీద మాత్రం రెండో రోజుకే చూసేది అయిపోతుంది. అరూబా ఎండిన దీవి, అనంతపురం కన్నా తక్కువ వాన, ముళ్ల చెట్లు, గాలికి ఒక పక్కకే వంగిపోయిన దివిదివి చెట్లు. తాగునీరంతా సముద్రపు నీటిని శుద్ధి చేసి ఇచ్చేదే, కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. ఎండ గ్యారంటీగా కావాలనుకునేవాళ్లకు ఇంతకన్నా నమ్మదగిన దీవి లేదు.

రెండో రకంలో మొదట చెప్పాల్సింది డొమినికా. డొమినికన్ రిపబ్లిక్ వేరు, ఇది వేరు. టికెట్ బుక్ చేసేటప్పుడు ఈ రెండింటినీ కలగాపులగం చేసుకున్నవాళ్లున్నారు. డొమినికాలో పేరున్న తెల్ల ఇసుక బీచ్ లేదు, పెద్ద రిసార్ట్ గొలుసులూ తక్కువే. కానీ మోర్న్ త్రోవా పితోన్ నేషనల్ పార్కులో ఆవిరి కక్కుతూ కుతకుత ఉడికే సరస్సు ఉంది. ‘బాయిలింగ్ లేక్’ అనే ఆ చోటికి గైడ్‌తో రానూపోనూ రోజంతా నడవాలి. తీరానికి దగ్గరలోనే స్పెర్మ్ తిమింగలాలు ఏడాది పొడవునా ఉంటాయి. 2023 నవంబర్‌లో వాటి కోసం ప్రత్యేక సముద్ర రక్షిత ప్రాంతాన్ని ఆ దేశం ప్రకటించింది. పెద్ద ఓడల, పెద్దఎత్తు చేపలవేట బెడద తగ్గిన నీళ్లలో ఆ జీవులను బతకనివ్వాలని డెబ్బై వేల మంది జనాభా ఉన్న దేశం తీసుకున్న నిర్ణయం అది. మరియా దెబ్బకు తలకిందులై రెండేళ్లు తిరక్కుండా కొండదారులు మళ్లీ తెరిచిన ఈ దీవికి, నడవగలిగిన ఓపిక ఉన్నవాళ్లు తప్పక వెళ్లాలి.

సెయింట్ లూసియాలో రెండు రకాలూ కొంచెం కొంచెం దొరుకుతాయి. సముద్రంలోంచి నిటారుగా లేచిన రెండు పితోన్ శిఖరాలకు 2004లో యునెస్కో వారసత్వ హోదా వచ్చింది. గ్రో పితోన్ ఎక్కడానికి గైడ్ ఉండాలి. పక్కనే సూఫ్రియేర్‌లో గంధకపు బుగ్గలు, బురద స్నానాలు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పెద్ద విమానాశ్రయం దక్షిణ కొసన, రాడ్నీ బే రిసార్టులు ఉత్తర కొసన. మధ్యలో గంటన్నర పాటు పాములా మెలికలు తిరిగే కొండ రోడ్డు. ఘాట్ రోడ్డంటే కడుపులో తిప్పేవాళ్లు దక్షిణానే గది తీసుకోవడం మేలు.

అగ్నిపర్వత దీవుల్లో భయమూ చరిత్రలో భాగమే. మార్టినిక్‌లో 1902 మే 8న పెలే పర్వతం పేలి సెయింట్ పియేర్ పట్టణం నిమిషాల్లో కాలిపోయింది, 28 వేల మంది దాకా చనిపోయారు. మాంట్సెరాట్ రాజధాని ప్లిమత్ 1995లో మొదలైన విస్ఫోటనాల బూడిదలో కూరుకుపోయి నేటికీ నిర్మానుష్యంగా ఉంది. 2021 ఏప్రిల్‌లో సెయింట్ విన్సెంట్‌లో లా సూఫ్రియేర్ పేలితే, ముందే హెచ్చరించి వేలమందిని ఖాళీ చేయించగలిగారు. ఆ పర్వతాల మీద నిరంతరం నిఘా ఉంది కనుక ఈ కారణంతో దీవిని వదులుకోనక్కర్లేదు.

జమైకా, పోర్టోరికో, హైతీ, డొమినికన్ రిపబ్లిక్ రెండూ పంచుకునే హిస్పానియోలా లాంటి పెద్ద దీవుల్లో కొండా కోటా అడవీ అన్నీ ఉంటాయి. జమైకాలో 2,256 మీటర్ల బ్లూ మౌంటెన్ శిఖరం, ఆ వాలుల్లో పండే కాఫీ, చేయీచేయీ పట్టుకుని ఎక్కే డన్స్ రివర్ జలపాతం. పోర్టోరికోలో పాత శాన్ హువాన్ వీధులు, 16వ శతాబ్దంలో మొదలైన ఎల్ మోరో కోట, ఎల్ యుంకే వర్షారణ్యం, వియెకెస్ దీవిలో రాత్రి చేయి కదిపితే నీలంగా వెలిగే మస్కీటో బే. ఒకే వారంలో ఇన్ని రకాలు ఇచ్చే దీవి పోర్టోరికోను మించి లేదు.

గేటు లోపల బతుకు

తిండి, తాగుడు, ఆటలు అన్నీ కలిపి ఒకే ధర తీసుకునే ఆల్-ఇన్‌క్లూజివ్ పద్ధతి కరీబియన్‌లో గట్టిగా వేళ్లూనుకున్నది జమైకాలో. 1970ల రాజకీయ హింస తర్వాత పర్యాటకులు భయపడి రావడం మానేస్తున్న రోజులవి. 1981లో మాంటెగో బేలో శాండల్స్ అనే రిసార్ట్ మొదలైంది. గోడ కట్టి, లోపలే అన్నీ ఇస్తామన్న భరోసా ఇచ్చారు. తర్వాత డొమినికన్ రిపబ్లిక్ ఆ పద్ధతిని పెద్దఎత్తున అందిపుచ్చుకుంది. దారి కూడా సరిగా లేని పుంటా కానా తీరంలో ప్రైవేటు విమానాశ్రయమే కట్టేశారు. 2023లో ఆ దేశానికి వచ్చిన సందర్శకుల సంఖ్య, క్రూజ్ ప్రయాణికులతో కలిపి, మొదటిసారి కోటి దాటింది. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబం నాలుగు రోజులు వంటా లెక్కా మరిచి పడుకోవాలంటే డబ్బుకు తగ్గ సుఖం పుంటా కానాలోనే దొరుకుతుంది. అందులో తప్పేమీ లేదు.

కానీ ఆ గోడ ఖరీదు ఎవరు కడుతున్నారో కూడా చూడాలి. జమైకాలో 1956 నాటి బీచ్ కంట్రోల్ చట్టం ప్రకారం తీరం మీద ప్రజలకు సాధారణ హక్కంటూ లేదు. తాతల నాటి నుంచి చేపలు పట్టిన, ఈత కొట్టిన తీరాల్లోకి అడుగుపెట్టనివ్వడం లేదని అక్కడివాళ్లు కోర్టులకెక్కారు. బార్బడోస్‌లో అలా కాదు, ఎంత ఖరీదైన హోటల్ ముందున్న ఇసుకైనా అందరిదీ. ఈ ఒక్క తేడా దీవి స్వభావాన్నే మార్చేసింది. బార్బడోస్‌లో శుక్రవారం రాత్రి ఆయిస్టిన్స్ రేవులో చేపలు కాల్చే పొయ్యిల దగ్గర హోటల్ అతిథి, బస్సు డ్రైవర్, బడి పంతులు ఒకే బల్ల మీద కూర్చుంటారు. రెండు బార్బడోస్ డాలర్లుండే బస్సు టికెట్ 2019లో మూడున్నర డాలర్లకు పెరిగింది, పర్యాటకులు మాత్రం ఆ బస్సుల్లోనే తిరుగుతున్నారు. గేటు దాటి తిరగాలన్న కోరిక ఉన్న కుటుంబానికి మొదటి కరీబియన్ ప్రయాణంగా బార్బడోస్‌కే ఓటు వేయాలి. ధరలు ఎక్కువే, అయినా.

కాగితాల విషయంలో అమెరికాలోని తెలుగువాళ్లు పడే చిక్కు ఒకటి తరచుగా వినిపిస్తుంది. హెచ్1బీ పిటిషన్ సరిగానే ఉంటుంది, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు తీరి ఉంటుంది. కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్లొస్తే పాత స్టాంపుతోనే తిరిగి రానిచ్చే నిబంధన ఉంది. కరీబియన్ దీవులకు ఆ వెసులుబాటు ఎఫ్ (విద్యార్థులు), జె (ఎక్స్ఛేంజ్ సందర్శకులు) వీసాలవాళ్లకే, అదీ క్యూబాకు కాదు. మయామిలో ఎక్కి మయామిలోనే దిగే క్రూజ్ అయినా ఓడ బహమాస్‌లో ఆగితే అది విదేశీ ప్రయాణమే. స్టాంపింగ్ లేనివాళ్లకు మిగిలేవి పోర్టోరికో, అమెరికా వర్జిన్ దీవులు. రెండూ అమెరికా భూభాగమే. వర్జిన్ దీవుల నుంచి తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ తనిఖీ ఉంటుంది కాబట్టి పాస్‌పోర్టు, హెచ్1బీ ఆమోదం తెలిపే ఐ-797 కాగితం వెంట ఉండాలి. సెయింట్ జాన్ దీవిలో సగానికి పైగా నేషనల్ పార్కే, ట్రంక్ బే తీరం చూశాక ఇది దిక్కులేక ఎంచుకున్న చోటని ఎవరూ అనరు.

ఇండియా నుంచి నేరుగా వెళ్లేవాళ్లకు బార్బడోస్, జమైకా, ట్రినిడాడ్ లాంటివి పర్యాటకులకు ముందస్తు వీసా అడగవు. దారిలో దిగే లండన్, న్యూయార్క్‌ల ట్రాన్సిట్ వీసా మాత్రం వేరే చూసుకోవాలి.

ట్రినిడాడ్ ఈ లెక్కలన్నిటికీ బయట నిలుస్తుంది. బీచ్ రిసార్టుల దీవి కాదు, చమురు, గ్యాస్ మీద బతికే దీవి. 2024లో 620కి పైగా హత్యలు జరిగి ఏడాది చివర ఎమర్జెన్సీ పెట్టారు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో చీకటి పడ్డాక తెలియని పేటల్లో నడవకూడదు. అయినా మనవాళ్లకు అక్కడ ఉన్నంత బంధం ఇంకే దీవిలోనూ లేదు. 1845 మే 30న ఫతేల్ రజాక్ ఓడ తొలి కూలీలను అక్కడ దింపింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో మద్రాసు రేవు నుంచి వెళ్లిన ఓడల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. భాష పోయింది, పేర్లు మారాయి, దీపావళి మాత్రం జాతీయ సెలవుదినం. కారాపిచైమాలో 85 అడుగుల హనుమంతుడు దక్షిణాది శిల్పంలో నిలబడి ఉన్నాడు. వాటర్లూ దగ్గర శివదాస్ సాధు అనే చెరకు కూలీ, భూమి మీద కట్టిన గుడిని కూల్చేస్తే, సముద్రంలో రాళ్లు పోసి ఏళ్ల తరబడి మళ్లీ కట్టుకున్న గుడి ఉంది. పొద్దున్నే వీధి బండి మీద శనగల కూరతో పెట్టే డబుల్స్ పూర్తి శాకాహారం. సాయంత్రం కరోనీ మడ అడవుల్లోకి పడవలో వెళ్తే ఎర్రటి ఐబిస్ పక్షులు గుంపులుగా చెట్లకు చేరతాయి. తెలిసిన డ్రైవర్‌ను మాట్లాడుకుని, పగలు తిరిగి, రాత్రికి అదే దేశానికి చెందిన పక్క దీవి టొబాగో బీచ్‌కు విమానంలో వెళ్లిపోవడం చాలామంది చేసే ఏర్పాటు. ట్రినిడాడ్ నుంచి ఇండియాకు తిరిగొచ్చేవాళ్లకు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ కావాలి, టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది.